కింది ఆకులు

హోటళ్ళనుంచి వెనక్కొచ్చిన బుట్టల్లో ఒకదాన్ని సూపర్‌వైజర్ అందరి ముందూ బల్ల మీద బోర్లించాడు. ఆకుకూర కట్టలు జారిపడ్డాయి. పైపైన చూస్తే నవనవలాడుతూనే ఉన్నాయి. అతను ఒక కట్ట విప్పి, మొదలు దగ్గర వేలు పెట్టి విడదీశాడు. లోపలి ఆకులు పండి పసుపుపచ్చగా ఉన్నాయి. కొన్ని జిగటగా కుళ్ళి వేలికి అంటుకున్నాయి. ఆ వేలిని తీసుకొచ్చి డేగక్క మొహం ముందు పెట్టాడు.

"ఏంటిది అక్కా?"

డేగ ఆమె పేరు కాదు. మూడు వరసల అవతలి ట్రేలో ఒక్క ఆకుకి మచ్చ పడినా ఇవతలినుంచే చెప్పేస్తుందని ఎవరో సరదాకి పెట్టారు, అదే ఖాయమైపోయింది. కిటికీల్లేని గదుల్లో, దీపాల కింద, అరల మీద పెరిగే ఆకుకూరని కోతకి ముందు ట్రే ట్రేకీ చూసి పండిందీ కుళ్ళిందీ ఏరెయ్యడం ఆమె పని.

"పండాకు సార్," అంది.

"అది నాకూ కనిపిస్తోంది. మీకెందుకు కనిపించలేదని అడుగుతున్నా."

"ఆ గదిలో ఎవరికి కనిపిస్తుంది సార్? తెల్ల లైట్లు పీకేసిన రోజే చెప్పాను."

సూపర్‌వైజర్ నవ్వాడు. కోప్పడినా బాగుండేది. అతనికి ముప్ఫై దాటి ఉండవు. ఏ విషయమైనా ఎదుటివాళ్ళు ఒకటో తరగతిలో కూర్చున్నట్టే చెబుతాడు.

"మళ్ళీ చెప్తా వినండి. మొక్క తినేది ఎర్ర వెలుతురూ నీలం వెలుతురూ. ఆకుపచ్చ దానికి అక్కర్లేదు. అక్కర్లేదు కాబట్టే తిప్పికొడుతుంది. తిప్పికొడుతుంది కాబట్టే ఆకు మనకి పచ్చగా కనిపిస్తుంది. మొక్క వద్దని పారేసేదాన్ని తెల్ల లైట్లు పెట్టి మరీ ఎందుకు పోయాలి? కరెంటు దండగ. ఇందులో అర్థం కానిదేముంది?"

"మొక్క సంగతి నాకు తెలీదు సార్. నా కళ్ళ సంగతి చెబుతున్నా."

"నేనూ అదే అంటున్నా." అతను వేలు చేతిగుడ్డకి తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. "రేపు సెలవు తీసుకుని కళ్ళు చూపించుకోండి. డాక్టరు దగ్గర కాగితం తెండి. వయసు మీద పడ్డాక ఎవరికైనా తప్పదు. అందులో నామోషీ ఏం లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు చూపులు తిప్పుకున్నారు. ఆ జాలి చూసి డేగక్కకి ఒళ్ళు మండిపోయింది. నలభై బుట్టలు వెనక్కొచ్చినందుకు కాదు, జాలిపడినందుకు.

తలుపు తోసుకుని గదిలోకి వెళ్ళింది. వంకాయ రంగు వెలుతురు మీదపడింది. అరకి ఆరు చొప్పున ట్రేలు, ప్రతి అర నెత్తినా ఎర్ర చుక్కలూ నీలం చుక్కలూ ఉన్న దీపాల పట్టీలు. మూడు వారాల కిందటి దాకా ప్రతి అరకీ మధ్యలో ఒక తెల్ల పట్టీ ఉండేది, నడవ పొడుగునా తెల్ల ట్యూబులు ఉండేవి. ఇప్పుడు మేకుల బెజ్జాలు మాత్రం ఉన్నాయి. ఈ వెలుతురులో ముదురాకు బొగ్గులా ఉంటుంది. లేతాకు గులాబీగా ఉంటుంది, పండాకూ గులాబీగానే ఉంటుంది. కుళ్ళిన మచ్చ నల్లాకు మీద నల్లగా కలిసిపోతుంది. మొదట్లో ఆమె అనుమానం వచ్చిన ట్రేని పట్టుకుని వరండాలోకి పరిగెత్తేది. గదిలోంచి బయటికి రాగానే గోడలూ మనుషులూ కాసేపు ఆకుపచ్చగా తేలుతారు. అది పోయేదాకా కళ్ళు మూసుకుని నిలబడి, అప్పుడు ఆకు చూసేది. ట్రేలు బయటికి తెస్తే పురుగు చేరుతుందని సూపర్‌వైజర్ అదీ మాన్పించాడు.

అప్పట్నించీ వేళ్ళతో చూస్తోంది. మెత్తగా తగిలితే కుళ్ళు, పలచగా తగిలితే పండాకు. రోజుకి ఆరొందల ట్రేలు వేళ్ళతో ఎంతని చూస్తుంది?

తలుపు పక్కనున్న మొదటి అర దగ్గర ఆగింది. తలుపుకి పైభాగాన అద్దం ఉంది. వరండా ట్యూబులైటు వెలుతురు దాంట్లోంచి ఆ అరలో తలుపువైపున్న మూడు ట్రేల మీద పడుతుంది. అక్కడ మాత్రం ఆకు ఆకులాగే ఉంది. మొదళ్ళు విడదీసి చూసింది. కింది ఆకులు కూడా శుభ్రంగా, పచ్చగా ఉన్నాయి. ఇక్కడ తనకి కనిపిస్తోంది కాబట్టి తీసేసి ఉంటుంది అనుకుంది. కానీ ఈ మూడింట్లోంచి ఈ వారం ఒక్క ఆకు కూడా తీసిన గుర్తు లేదు.

*

కళ్ళ డాక్టరు గోడమీద అక్షరాలు చదివించాడు. ఆఖరి వరస, కింద అచ్చువేసినవాడి పేరుతో సహా చదివింది. రంగుచుక్కల పుస్తకం తెరిచి, చుక్కల్లో దాక్కున్న అంకెలు చెప్పమన్నాడు. అతను పేజీ తిప్పడం ఆలస్యం, ఆమె అంకె చెప్పేసేది.

"మిమ్మల్ని ఎవరు పంపించారమ్మా ఇక్కడికి?"

"పనిచేసే చోటనుంచండీ. నాకు పసుపూ పచ్చా తేడా తెలీడం లేదంటున్నారు."

"నాకంటే బాగా తెలుస్తోంది మీకు," అన్నాడు డాక్టరు. అదే ముక్క కాస్త మర్యాదగా కాగితం మీద రాసి ముద్ర వేశాడు. బయటికొచ్చాక ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. నిన్నట్నించీ లోపల్లోపల నిజంగానే భయపడుతున్నానని అప్పుడు తెలిసింది. కళ్ళు పోతే ఆమెకి వేరే విద్య లేదు.

ఇంటికొచ్చేసరికి మొగుడు కుట్టుమిషను ముందు లేడు. గుమ్మంలో నిలబడి ఒక జాకెట్టు గుడ్డ మీద రెండు దారపు ఉండలు మార్చి మార్చి పెట్టి చూస్తున్నాడు.

"లోపల లైటు ఉందిగా, గుమ్మంలో ఏం చూస్తారు?" అంది, జవాబు తెలిసే.

"లోపలి లైటు అబద్ధాలాడుతుందే. అక్కడ సరిపోయిన దారం ఇక్కడికొస్తే వెక్కిరిస్తుంది." ఒక ఉండ జేబులో వేసుకున్నాడు. "ఏమన్నాడు డాక్టరు?"

కాగితం చేతికిచ్చింది. ఆయన చదివి, మడత నలక్కుండా తిరిగిచ్చాడు.

"ఇంకేం. ఆ పెద్దమనిషి మొహాన పెట్టు."

"పెడతా," అంది. మూడు వారాల్లో మొదటిసారి ఆ రోజు అన్నం రుచిగా తిన్నది.

*

సూపర్‌వైజర్ కాగితం చదివాడు. ఇంకోసారి చదివాడు. బల్లమీద పెట్టి, దాని మీద పెన్ను బరువు పెట్టాడు.

"అయితే కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి."

"ఉన్నాయి సార్."

"అంటే కనిపిస్తూనే వదిలేశారన్నమాట."

ఆమెకి ఒక్క క్షణం ఆ మాట బుర్రకెక్కలేదు.

"చూడండి అక్కా, నేను న్యాయంగానే మాట్లాడుతున్నా. కళ్ళు సరిగ్గా లేకపోతే పాపం అనుకునేవాళ్ళం. బాగానే ఉన్నాయని మీరే కాగితం తెచ్చారు. ఇక మిగిలింది అశ్రద్ధేగా?"

"కాగితం తెమ్మన్నది మీరు."

"అవును. తెచ్చినందుకు థాంక్స్." సొరుగులోంచి టైపుచేసిన ఇంకో కాగితం తీశాడు. డాక్టరు ఏం రాసినా సరే, అది ముందే తయారై ఉందని ఆమెకి అర్థమయింది. 'నా అశ్రద్ధ వల్ల పాడైన సరుకు బయటికి వెళ్ళినదని ఒప్పుకుంటున్నాను' అని ఉంది. కింద సంతకానికి గీత. "ఇది ఫైల్లో ఉంటుంది. సంతకం పెడితే కడిగే షెడ్డులో పని ఇస్తాం. పెట్టకపోతే శనివారంతో సరి. మిమ్మల్ని వదులుకోవడం నాకూ ఇష్టం లేదు."

"తలుపు పక్క ట్రేలు చూశారా సార్? అక్కడ పండాకే లేదు. అక్కడ తెల్ల వెలుతురు పడుతుంది. నేను—"

"మళ్ళీ తెల్ల లైటు." అతను కణతలు నొక్కుకున్నాడు. ఆ గదిలో పది నిమిషాలుంటే తలనొప్పి వస్తుందని అతను ఎప్పుడూ తలుపు దగ్గరే నిలబడి మాట్లాడతాడు. "లైట్ల సంగతి నేను చూసుకుంటా. మీరు సంతకం సంగతి చూడండి."

సంతకం పెట్టింది. కాగితం చింపి అతని నెత్తిన చల్లాలనిపించింది. చల్లలేదు. ఈ ఊళ్ళో ఇలాంటి ఆకు గదులు ఇంకో రెండే ఉన్నాయి, వాటి సూపర్‌వైజర్లు ఇతనితో కలిసి చదువుకున్నవాళ్ళు. ఫైల్లో ఆ కాగితం ఉన్నంతకాలం ఏ గదిలోనూ ఎవరూ ఆమెని ఆకుమీద చెయ్యి వెయ్యనివ్వరు. అది తెలిసీ పెట్టింది. సంతకం వంకరపోయింది. అతను దాన్ని ఊది ఆరబెట్టాడు.

*

కడిగే షెడ్డు వెనకవైపు ఉంటుంది. కోత అయిన ట్రేలు అక్కడికొస్తాయి. మొదళ్ళూ వేళ్ళూ గీకేసి, మందునీళ్ళలో ముంచి, బోర్లించాలి. షెడ్డుకి మూడువైపులా గోడలు లేవు. ఎండ నేరుగా తొట్టిమీద పడుతుంది. అన్నాళ్ళు వంకాయ రంగులో పనిచేశాక ఆ ఎండ చూసి సంతోషించాల్సింది. డేగక్క ట్రేలని గీకుతుంటే తొట్టి అదిరిపోతోంది.

ఆమె స్థానంలో ఏరడానికి విత్తనాల విభాగంలోంచి వదినని వేశారు. ఇద్దరికీ చుట్టరికం లేదు, ఏళ్ళనుంచీ ఒకే బస్సెక్కి ఒకరినొకరు వదినా వదినా అనుకోవడమే. మధ్యాహ్నం విరామంలో వదిన షెడ్డుకొచ్చి తొట్టి గట్టుమీద కూలబడింది. చున్నీతో కళ్ళు ఒత్తుకుంది.

"నాకేం కనిపించట్లేదు వదినా. ఆకూ నీడా ఒకలాగే ఉన్నాయి. నువ్వెలా చేశావు తల్లీ?"

"నేను చెయ్యలేదనేగా ఇక్కడ పడేశారు."

"రేపు ఈ సరుకూ వెనక్కొస్తే నన్నేమంటారు?"

"నీ కళ్ళు కూడా చూపించుకోమంటారు."

ఇద్దరూ నవ్వబోయారు, నవ్వు రాలేదు.

ఆ సరుకూ వెనక్కొచ్చింది. ఈసారి అరవై బుట్టలు. శుక్రవారం ఓనరు స్వయంగా వచ్చాడు. వెంట ఒకావిడ, పొట్టి జుట్టు, భుజాన గుడ్డసంచి, బురద బూట్లు. మొక్కల జబ్బులు చూసే డాక్టరట. అందరూ మొక్కల మేడం అన్నారు. ఆవిడ గదిలోకెళ్ళి గంటసేపు బయటికి రాలేదు. వచ్చాక వరండాలో కళ్ళు మూసుకుని కాసేపు గోడకి ఆనుకుని నిలబడింది. దూరంనుంచి అది చూసి డేగక్క చెయ్యి ఆగింది. ఈవిడకి తెలుసు అనుకుంది.

మేడం తిన్నగా షెడ్డుకే వచ్చింది. వెనక ఓనరు, ఓనరు వెనక సూపర్‌వైజర్.

"ఇంతకుముందు ఏరింది మీరేనా? జబ్బేమీ కనిపించలేదు నాకు. పురుగూ లేదు, బూజూ లేదు. కింది ఆకులు ఊరికే పండిపోతున్నాయి. అన్ని ట్రేలూ ఇంతేనా?"

"తలుపు పక్క మూడు ట్రేలు బావుంటాయండీ," అంది డేగక్క. "వరండా లైటు పడేవి. ఎన్ని కోతలైనా అవి బాగానే ఉంటున్నాయి. సార్‌కి చెప్పాను."

మేడం ఓనరు వైపు తిరిగింది. "తెల్ల దీపాలు ఎప్పుడు తీశారు?"

ఓనరు సూపర్‌వైజర్ వైపు చూశాడు. సూపర్‌వైజర్ అదే పాఠం మొదలుపెట్టాడు. ఎరుపు, నీలం, అక్కర్లేని పచ్చ. మేడం అడ్డుపడకుండా పూర్తిగా విన్నది. తర్వాత తొట్టి పక్కన పడున్న ఒక పెద్దాకు తీసి డేగక్క చేతిలో పెట్టింది.

"దీన్ని ఎండకి అడ్డం పెట్టి చూడండమ్మా. ఇవతలికి ఏ రంగు వస్తోంది?"

డేగక్క ఆకు ఎత్తింది. సూర్యుడు ఆకులోంచి వెలిగాడు. ఈనెలన్నీ కనిపించాయి.

"పచ్చగా వస్తోందండీ."

"అంతే. ఎరుపూ నీలమూ దొరికినంతా పై ఆకే లాగేసుకుంటుంది. దాని కిందున్న ఆకుకి ఏం మిగలదు. పచ్చని మాత్రం పై ఆకు పూర్తిగా పట్టుకోలేదు. కొంత తిప్పికొడుతుంది, అది మన కంటికొస్తుంది. కొంత కిందికి జారిపోతుంది. కింది ఆకు దాంతోనే బతుకుతుంది. పచ్చని మొక్క వాడుకోదని ఎవరన్నారు? నెమ్మదిగా వాడుకుంటుంది, లోపలిదాకా వాడుకుంటుంది. ఒకే ఒక్క మొక్క విడిగా ఉంటే మీ లెక్క కొంతవరకు నడిచేదేమో. మీరు ట్రేలో కుక్కి కుక్కి వేశారు. పైవాటికి విందు, కిందివాటికి పస్తు."

సూపర్‌వైజర్ తొట్టిలోకి చూస్తున్నాడు.

"తెల్ల పట్టీలు ఇవాళే బిగించండి," అన్నాడు ఓనరు అతనితో. "మొక్కలకి కావాలంటున్నారుగా."

మొక్కలకి కావాలంటున్నారు. డేగక్క ఆకుని నలిపి తొట్టిలో పడేసింది. మూడు వారాలు ఒక మనిషి నిలబడి కనిపించడం లేదు మొర్రో అంటే పెట్టని దీపాలు, ఆకు పస్తుంటోందనగానే సాయంత్రానికల్లా వచ్చేస్తాయి. తన మాటే నిజమైందన్న సంతోషం కోసం లోపల వెతుక్కుంది. ఎక్కడా దొరకలేదు. కోపం మాత్రం కావలసినంత దొరికింది.

ఓనరు వెళ్ళబోతూ ఆగాడు. "ఈమెని మళ్ళీ ఏరే పనిలో వెయ్యండి," అన్నాడు, బకెట్టు జరపమన్నట్టు.

"ఫైల్లో నా సంతకం ఒకటుంది సార్," అంది డేగక్క.

"అదంతా ఆఫీసువాళ్ళు చూసుకుంటారు." అప్పటికే అతను కారు వైపు నడుస్తున్నాడు.

*

శనివారం పొద్దున్నే గది తలుపు తీస్తే లోపల తెల్లగా ఉంది. ప్రతి అరకీ కొత్త పట్టీ, నడవకి కొత్త ట్యూబులు. నేలమీద పాత మరకలన్నీ బయటపడ్డాయి. అరల మీద ఆకు పైకి పచ్చటి దుప్పటి పరిచినట్టుంది. డేగక్క మొదటి ట్రే మొదళ్ళు విడదీసింది. అడుగంతా పసుపే. రెండోది చూసింది, మూడోది చూసింది. వంగకుండానే తెలుస్తోంది ఇప్పుడు, నడవలో నిలబడి చూస్తే చాలు. మూడు వారాల పస్తు ఒక్క పూటలో తీరదు. గదిలో సగానికి పైగా పారేయాల్సిందే.

ఖాళీ బుట్టలు వరసగా పేర్చుకుంటుంటే సూపర్‌వైజర్ వచ్చాడు. ఇవాళ తలుపు దగ్గర ఆగలేదు. నడవ చివరిదాకా వచ్చాడు.

"ఎలా ఉంది అక్కా?"

"మీరే చూడండి. ఇప్పుడు ఎవరికైనా కనిపిస్తుంది."

అతను ఒక ట్రేలోకి తొంగిచూసి గబుక్కున నిలబడ్డాడు. "మొత్తం పోదు కదా?"

"సగం పైనే పోతుంది."

"మధ్యాహ్నానికి బండి వస్తోంది. హోటళ్ళవాళ్ళు ఇది ఆఖరిసారి అన్నారు. బుట్టలు తగ్గితే ఓనరు లైట్లు ఎవరు తీయించారని మళ్ళీ మొదలుపెడతాడు." ఆమె బుట్టలు పేర్చుకుంటూనే ఉండేసరికి చొక్కాలోంచి మడిచిన కాగితం తీశాడు. విప్పి చూపించాడు. కింద ఆమె సంతకం, వంకరగా. "ఫైల్లోంచి నేనే తీసుకొచ్చా. దీనికి నకలు లేదు. పై ఆకులు బాగానే ఉన్నాయిగా. ఈ వెనక వరసలు నాలుగూ కాస్త చూసీ చూడనట్టు పోనివ్వండి. ఇది ఇక్కడే చింపేస్తా. మీకూ మంచిది, నాకూ మంచిది."

డేగక్క ఆ కాగితం వైపు చూసింది. అది కావాలి ఆమెకి. నాలుగు రోజులుగా అన్నం ముందు కూర్చున్నా, బస్సులో కూర్చున్నా కళ్ళ ముందు అదే కదులుతోంది. చెయ్యి చాపితే అందుతుంది. తల ఊపితే చాలు. కనిపించలేదని ఆమె నెత్తిన ఇంత రభస చేసిన మనిషి, ఇప్పుడు కనిపించినా ఊరుకోమని బతిమాలుతున్నాడు. ఈ బుట్టలు కూడా వెనక్కొస్తే ఆ బల్ల ముందు నిలబడేది మళ్ళీ తనే, కాకపోతే వదిన. ఇతను మాత్రం బల్లకి అవతలివైపే ఉంటాడు.

"ఇలా ఇవ్వండి," అంది.

అతను తేలిగ్గా ఊపిరి వదిలాడు. కాగితం ఇచ్చాడు. ఆమె దాన్ని చింపలేదు. ఖాళీ బుట్ట ఒకటి తీసి, అడుగున పరిచింది, ఊచల సందుల్లోంచి తడి కారకుండా గుడ్డ పరిచినట్టు. మూలలు కూడా సర్దింది. బుట్ట ఎత్తి అతని చేతుల్లో పెట్టింది.

"పట్టుకోండి సార్. రెండు చేతులా. బరువవుతుంది."

"అక్కా, అది ఆఫీసు కాగితం."

"తెలుసు."

మొదటి ట్రేలోంచి పండాకు పిడికెడు లాగి దాని మీద వేసింది. కుళ్ళు నీరు సంతకం మీదికి పాకింది. అతను వాకిలి వైపు చూశాడు. ఎవరినీ పిలవలేదు. పిలిస్తే ఆ కాగితం ఫైల్లోంచి ఇక్కడికెలా వచ్చిందో ముందు చెప్పాలి. బుట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె రెండో పిడికెడు వేసింది, మూడోది వేసింది. తొందరపడలేదు. ఒక్కో మొదలూ విడదీసి, మంచి ఆకుని వదిలి, పండినదాన్ని గిల్లి, అతని చేతుల్లోని బుట్టలో వేసుకుంటూ పోయింది. ఎక్కడైనా అతని చేతులు కిందికి జారితే ఆగి, చూసి, అతను ఎత్తాకే మళ్ళీ వేసింది.

ఒక అర పూర్తయ్యేసరికి బుట్ట నిండింది.

"అది కుప్పలో పారబోసి ఇంకోటి తెండి," అంది డేగక్క. రెండో అర ముందుకి జరిగింది.